చార్జర్ మీద పేరు కాదు, అంకెలు చూడమని చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వారం వారం వచ్చే సాంకేతిక శీర్షికలో ఈమధ్య ఫాస్ట్ చార్జర్ల గురించి రాశారు. ఒక కంపెనీ ఫోనుకు మరో కంపెనీ చార్జర్ పెట్టకూడదనీ, పెడితే ఎక్కువ కరెంటు వెళ్లి బ్యాటరీ ఉబ్బి పేలిపోవచ్చనీ, కాబట్టి ఏ ఫోనుకు ఆ కంపెనీ చార్జరే కొనాలనీ దాని సారాంశం. నేను ఫోన్లు బాగుచేసి బతుకుతున్న మనిషిని. ఆ పేజీని చింపి తెచ్చి నా బల్ల మీద పరిచి, ఇది నిజమేనా అని అడిగినవాళ్లకు చెబుతున్న జవాబే మీకూ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది. మీ శీర్షికకు అరపేజీ దక్కింది కనుక నాకూ కొంత చోటు దొరుకుతుందని ఆశ.

ముందు ఆ ఎక్కువ కరెంటు సంగతి చూద్దాం. చార్జర్ మీద 65 వాట్లని ఉంటే ఆ 65 వాట్లనూ అది ఫోనులోకి నెట్టేస్తుందని చాలామంది భయం. అలా జరగదు. చార్జర్ ఒక వోల్టేజీని నిలబెడుతుంది, అంతే. అందులోంచి ఎంత కరెంటు లాగాలో ఫోను నిర్ణయించుకుంటుంది. బ్యాటరీని నింపే అసలు పని ఫోను బోర్డు మీద ఉన్న చార్జింగ్ ఐసీ అనే చిన్న చిప్పుది. బ్యాటరీ వోల్టేజీ హద్దు దాటకుండా కాపు కాసేది అదే, వేడెక్కితే వేగం తగ్గించేది అదే, 80 శాతం దాటిన తర్వాత నెమ్మదించేదీ అదే. గోడ ప్లగ్గులో ఉన్న డబ్బా మీద ఎవరి పేరు ఉన్నా దాని పద్ధతి మారదు. ల్యాప్‌టాప్‌కు వచ్చిన 100 వాట్ల టైప్-సి చార్జర్‌ను ఫోనుకు పెట్టినా ఫోను తనకు కావలసిన 18 వాట్లో 25 వాట్లో తీసుకుని మిగతా దాని జోలికి పోదు.

టైప్-సి తీగ గుచ్చిన వెంటనే ఏం జరుగుతుందో మీ పాఠకులకు ఎవరూ చెప్పినట్టు లేదు. మొదట వచ్చేది 5 వోల్టులే. తీగలో సీసీ అనే సన్నటి దారి ఒకటి ఉంటుంది. దాని మీద చార్జర్, ఫోను ఒక బేరం ఆడతాయి. నా దగ్గర 5 వోల్టులకు 3 ఆంపియర్లు ఉన్నాయి, 9 వోల్టులకు 2.22 ఆంపియర్లు ఉన్నాయి అని చార్జర్ తన జాబితా చదువుతుంది. ఫోను అందులో తనకు సరిపడేది అడుగుతుంది. చార్జర్ సరేనన్న తర్వాతే వోల్టేజీ పెరుగుతుంది. ఒకరి భాష మరొకరికి తెలియకపోతే బేరం కుదరదు, 5 వోల్టుల దగ్గరే ఉండిపోతుంది. అంటే సవ్యంగా తయారైన చార్జర్‌ను వేరే కంపెనీ ఫోనుకు పెడితే ఎదురయ్యే ఇబ్బంది నిదానం. పేలుడు కాదు.

ఆ నిదానమే మనుషులను నా దగ్గరికి తెస్తుంది. ఫోను పాడైందని తెచ్చేవాళ్లలో కొందరి ఫోన్లకు ఏ జబ్బూ ఉండదు. ఒకాయన కొత్త ఫోను తెచ్చి చార్జింగ్ ఎక్కడం లేదు, పిన్ మార్చమన్నాడు. చార్జర్ చూస్తే మరో కంపెనీది, పైన 65 వాట్లని పెద్ద అక్షరాల్లో ఉంది. మధ్యలో యూఎస్‌బీ మీటరు పెట్టి చూపించాను. 5 వోల్టులు, 2 ఆంపియర్ల లోపు, అంటే 10 వాట్లు కూడా లేవు. ఆ చార్జర్ లేబుల్ మీదే చిన్న అక్షరాల్లో 5 వోల్టులకు 2 ఆంపియర్లు, 10 వోల్టులకు 6.5 ఆంపియర్లు అని రాసి ఉంది. ఆ రెండో వరుస సొంత కంపెనీ ఫోను అడిగితేనే, సొంత తీగతో అడిగితేనే తెరుచుకుంటుంది. అదే ఫోనుకు నా ల్యాప్‌టాప్ చార్జర్ పెడితే మీటరు వెంటనే 9 వోల్టులకు ఎక్కింది. ఆయన మాత్రం గబుక్కున తీగ లాగేశాడు, ఇంత పెద్ద చార్జర్ పెడితే ఫోను కాలిపోతుందని! సరిగ్గా మీ శీర్షిక నేర్పిన భయమే అది.

ఈ భాషలు ఎందుకు ఇన్ని అయ్యాయంటే, అందరికీ కలిసొచ్చే పద్ధతి నిలదొక్కుకునేలోపే ఎవరి దారి వారు చూసుకున్నారు. యూఎస్‌బీ పవర్ డెలివరీ, పొట్టిగా పీడీ, 2012లోనే మొదలైంది. కానీ ఫోన్లలో అది కుదురుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా చిప్పులు చేసే క్వాల్‌కామ్ సంస్థ క్విక్ చార్జ్ అని వోల్టేజీ పెంచే దారి పట్టింది. ఒప్పో సంస్థ 2014లో వూక్ పేరుతో దానికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లింది, వోల్టేజీని 5 దగ్గరే ఉంచి ఆంపియర్లు పెంచింది. దీనిలో ఒక తెలివి ఉంది. వోల్టేజీని తగ్గించే పని ఫోనులో కాకుండా చార్జర్‌లోనే జరిగిపోతుంది కాబట్టి ఆ వేడి చార్జర్ దగ్గరే ఉండిపోతుంది, చేతిలోని ఫోను చల్లగా ఉంటుంది. అందుకు లావు తీగ, అదనపు పిన్ను కావాలి. ఆ తీగను మార్చి మామూలు తీగ పెడితే సొంత చార్జర్, సొంత ఫోను కూడా ఒకదాన్నొకటి గుర్తుపట్టవు.

వేడి గురించి మీరు పడిన ఆందోళనను మాత్రం నేను కొట్టిపారేయను. లిథియం బ్యాటరీని త్వరగా ముసలిదాన్ని చేసేది వేడే. అయితే ఇక్కడా చూడాల్సింది కంపెనీ పేరు కాదు. మామూలు పీడీ చార్జర్ 9 వోల్టులు ఇస్తే ఫోను దాన్ని బ్యాటరీకి తగినట్టు 4 చిల్లర వోల్టులకు దించుకోవాలి. ఆ దించడంలో కొంత వేడిగా పోతుంది. 2017లో పీడీకి పీపీఎస్ అనే ఏర్పాటు కలిసింది. దానితో ఫోను 20 మిల్లీవోల్టుల అడుగులతో తనకు ఎంత కావాలో అంతే అడగగలదు. బ్యాటరీ 4 వోల్టుల దగ్గర ఉంటే 8 కంటే రవ్వంత ఎక్కువ అడిగి, లోపల దాన్ని సరిగ్గా సగం చేసుకుంటుంది. వోల్టేజీ సగమైతే కరెంటు రెట్టింపవుతుంది, వృథా తగ్గుతుంది. సామ్‌సంగ్ ఫోన్లలో 25 వాట్ల వేగం రావాలంటే చార్జర్‌కు ఈ పీపీఎస్ ఉండాలి. లేకపోతే ఫోను తక్కువ వేగంతో సరిపెట్టుకుంటుంది. ఐఫోన్‌కు 8వ మోడల్ నుంచి మామూలు పీడీ చాలు. కనుక ఈ ఇద్దరి చార్జర్లను అటూ ఇటూ మార్చి వాడేవాళ్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. వేగంలో తేడా వస్తే రావచ్చు. మందపాటి కవరు తొడిగి, దిండు కింద పెట్టి చార్జ్ చేసే అలవాటు బ్యాటరీకి చేసే చెరుపు ముందు ఈ తేడాలు ఏపాటివి?

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. ఏ ఫోనుకు ఆ కంపెనీ చార్జరే కొనాలన్న మీ సలహా వినడానికి జాగ్రత్తలాగే ఉంటుంది. కానీ ఆ సలహా పట్టుకుని బయలుదేరిన మనిషి ఎక్కడ తేలుతున్నాడో నేను చూస్తున్నాను. యాపిల్ 2020లో పెట్టెలోంచి చార్జర్ తీసేసింది, మరుసటి ఏడాది సామ్‌సంగ్ కూడా తన పెద్ద ఫోన్లకు అదే చేసింది, తర్వాత ఇంకొందరు. కాబట్టి చార్జర్ విడిగా కొనక తప్పదు. ఇంట్లో అప్పటికే మంచి పీడీ చార్జర్ ఉన్నా, అది వేరే కంపెనీదని పక్కన పడేసి, తన ఫోను పేరు అచ్చేసి ఉన్నది ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ కొంటున్నాడు. చార్జర్‌లో దొంగతనంగా తయారు చేయడానికి అన్నిటికంటే తేలికైన భాగం ఏదంటే ఆ పైన ఉండే పేరే. నకిలీ సరుకు మీద కూడా అది చక్కగా, అసలు దానికంటే నల్లగా ఉంటుంది!

అలాంటివి విప్పి చూస్తే తెలుస్తుంది. మంచి చార్జర్ బోర్డు మీద గోడ కరెంటు తిరిగే భాగానికీ, ఫోనుకు వెళ్లే భాగానికీ నడుమ కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ స్థలం వదులుతారు. అక్కడ బోర్డును కోసి గాడి పెట్టడం కూడా కద్దు. ఆ ఖాళీని దాటే ట్రాన్స్‌ఫార్మర్‌లో తీగ చుట్టకు పొరలు పొరలుగా ఇన్సులేషన్ ఉంటుంది. రెండు వైపులనూ కలిపే కెపాసిటర్ కూడా చెడిపోయినప్పుడు షార్ట్ కాకుండా ఉండే ప్రత్యేకమైన రకం. నకిలీలో ఆ ఖాళీ వెంట్రుక వాసి, తీగకు ఉత్త ఎనామిల్ పూత, ఏదో దొరికిన కెపాసిటర్. రెండు వైపుల నడుమ ఉన్న ఆ అడ్డు తెగిన రోజు ఇంట్లో కరెంటు నేరుగా తీగలోకి, ఫోనులోకి, చెవికి ఆనించుకున్న మనిషిలోకి వస్తుంది. బేరాలూ భాషలూ ఆ క్షణంలో ఎందుకూ పనికిరావు. ప్రమాదం అంటే ఇదీ. మీ శీర్షికలో దీని గురించి ఒక్క వాక్యం లేదు.

ఇంకో మాట, చార్జింగ్‌లో ఉన్న ఫోను లోహపు అంచును తాకితే వేలికి సన్నగా చిమచిమలాడుతుందని కొందరు వస్తారు. రెండు పుల్లల ప్లగ్గున్న మంచి చార్జర్లలోనూ ఆ కెపాసిటర్ గుండా అతి కొద్ది కరెంటు కారడం మామూలే. చిమచిమ సంగతి వేరు, షాక్ కొట్టడం వేరు. రెండోది జరిగితే ఆ చార్జర్‌ను మళ్లీ ముట్టుకోవద్దు.

తీగల గురించి కూడా రాయాలి, ఎందుకంటే నా బల్ల మీదికి వచ్చే కాలిన పిన్నుల వెనుక చాలాసార్లు ఉండేది తీగే. 3 ఆంపియర్లకు మించి మోయాల్సిన టైప్-సి తీగలో తన సామర్థ్యం చెప్పుకునే చిన్న చిప్ ఉండాలి. అది లేని తీగకు మంచి చార్జర్ 3 ఆంపియర్లు దాటి ఇవ్వదు, 20 వోల్టుల దగ్గర అయినా 60 వాట్లే. ఇక ఒక వైపు పాత పలకల యూఎస్‌బీ ప్లగ్గు, మరో వైపు టైప్-సి ఉండే తీగలో 56 కిలో ఓముల రెసిస్టర్, అంటే కరెంటును అడ్డుకునే చిన్న భాగం, ఉండాలన్నది నియమం. 2015లో గూగుల్ ఇంజినీరు ఒకరు మార్కెట్లో దొరికే తీగలను వరుసగా పరీక్షించి, చాలా వాటిలో 10 కిలో ఓములదే ఉందని బయటపెట్టారు. ఆ తప్పుడు రెసిస్టర్ వల్ల ఫోను ఎదురుగా 3 ఆంపియర్ల చార్జర్ ఉందని నమ్మి అంతా లాగబోతుంది. అవతల ఉన్నది చిన్న చార్జరో, కంప్యూటర్ పోర్టో అయితే అది వేడెక్కుతుంది. చివరకు తీగలు తారుమారుగా అతికించిన ఒక కేబుల్ ఆయన సొంత ల్యాప్‌టాప్‌నే బలి తీసుకుంది. ఆ తర్వాత తీగల నాణ్యత మెరుగుపడింది గానీ, పేరూ ఊరూ లేని తీగలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

కంపెనీలనూ వదలకూడదు. పెట్టె మీద 67, 80, 120 అని పెద్ద అంకెలు వేస్తారు. ఆ వేగం తమ చార్జర్, తమ తీగ రెండూ ఉంటేనే వస్తుందని, మామూలు పీడీ చార్జర్‌తో ఎన్ని వాట్లు వస్తాయో ఇదీ అని ఎక్కడా కనపడేలా రాయరు. చార్జర్ మీది లేబుల్ అయితే తెల్లటి ప్లాస్టిక్ మీద లేత బూడిద రంగు అక్షరాలు. నిత్యం భూతద్దం కింద పనిచేసే నాకే అవి చదవడం కష్టం. యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లకు టైప్-సి తప్పనిసరి చేసింది. వేగంగా చార్జ్ అయ్యే ఫోనుకు సొంత పద్ధతి ఉన్నా పీడీ కూడా అర్థం కావాలంది. కనీసం ఎన్ని వాట్లు కావాలో, గరిష్ఠంగా ఎన్ని తీసుకుంటుందో పెట్టె మీద గుర్తుతో ముద్రించమంది. అది చేయడానికి వాళ్లకేమీ కష్టం కాలేదు కదా, మిగతా చోట్ల కూడా అదే పెట్టె ఇస్తే సరి.

అందుకని నా మనవి. కంపెనీ చార్జరే కొనమన్న వాక్యాన్ని వెనక్కి తీసుకుని, దాని బదులు ఒక అసలైన చార్జర్ లేబుల్ ఫొటోను బాగా పెద్దది చేసి వేయండి. అవుట్‌పుట్ అన్న మాట ఎక్కడుంటుందో బాణం గుర్తు పెట్టండి. దాని పక్కన 9 వోల్టులు, 2.22 ఆంపియర్లు అని ఉంటే రెంటినీ గుణిస్తే 20 వాట్లని రాయండి. పీడీ అన్న అక్షరాలు, 3.3 నుంచి 11 వోల్టులు అన్నట్టుగా ఉండే పీపీఎస్ వరుస చూపించండి. తన ఫోనుకు ఏది కావాలో ఫోనుతో వచ్చిన కాగితంలో చూసుకోమనండి. కొన్న చోట బిల్లు, భద్రతా ముద్ర ఉన్నాయా చూడమనండి. ఇంట్లో అప్పటికే ఉన్న మంచి చార్జర్‌ను, అది ఎవరిదైనా, హాయిగా వాడుకోమనండి.

నకిలీ చార్జర్ లోపల ఎలా ఉంటుందో కూడా వేయదలిస్తే, ఒకే పేరున్న అసలుదీ నకిలీదీ రెండూ విప్పి నా సొరుగులో ఉంచాను. ఫొటోగ్రాఫర్‌ను పంపండి. పగటి వెలుతురులో వస్తే మంచిది, ఫ్లాష్ పడితే బోర్డు మీద ఆ సందు కనిపించదు.

ఇట్లు,
ఫోన్లు బాగుచేసే ఒక పాఠకురాలు