బ్యానర్లకు ఉన్న డబ్బు కళ్లజోళ్లకు లేదా?

సంపాదకుడు గారికి,

అయ్యా,

మా పట్టణంలో బాలికలకు లాక్రాస్ వేసవి శిక్షణ ప్రారంభమైందన్న వార్త గత వారం మీ జిల్లా సంచికలో చదివాను. వేదికపై ఆసీనులైన పెద్దల పేర్లు హోదాలతో సహా పొల్లుపోకుండా అచ్చయ్యాయి గానీ, ఆట గురించి మాత్రం ‘హాకీ తరహా విదేశీ క్రీడ’ అని తేల్చేశారు. హాకీలో బంతి ఎక్కువగా నేల మీదనే నడుస్తుంది. లాక్రాస్‌లో కర్ర చివరనున్న చిన్న వలలో బంతిని నిలుపుకొని పరుగెత్తాలి, సహచర క్రీడాకారిణి వలలోకి గాలిలో విసరాలి, ఆరడుగుల ఎత్తూ ఆరడుగుల వెడల్పూ ఉన్న గోలులోకి కొట్టాలి.

ఉత్తర అమెరికా ఆదివాసులు శతాబ్దాలుగా ఆడుతున్న ఈ ఆటను 1890లోనే స్కాట్లాండులోని సెయింట్ లెనార్డ్స్ బాలికల పాఠశాలలో ఆడారు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్‌కు చోటిచ్చిన 2023 అక్టోబరు నాటి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ముంబై సమావేశమే లాక్రాస్‌కూ చోటిచ్చింది. క్రికెట్ గురించి వారం రోజులు పండుగ చేసుకున్న మన క్రీడాధికారులకు ఆ జాబితాలో మరో పేరు చదివే తీరిక దొరికినట్టు లేదు.

శిబిరానికి పేరు నమోదు చేసుకున్న పిల్లల్లో చాలామంది మర్నాటికే మానేశారని అక్కడి తల్లులు చెబుతున్నారు. మానరా మరి? కర్రలతో ఆడే ఆట, గట్టి రబ్బరు బంతి, పిల్ల ముఖానికి తగిలితే రేపు పెళ్లి ఎలా అవుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటే సమాధానం చెప్పేవారెవరూ లేరు. నిజానికి బాలికల ఆట నియమాలు మగపిల్లల ఆట నియమాల వంటివి కావు. మగపిల్లలు ఒకరినొకరు ఒంటితో ఢీకొనవచ్చు కనుక శిరస్త్రాణం, భుజాల కవచం ధరిస్తారు. బాలికల ఆటలో అలా ఢీకొనడం నిషిద్ధం, ప్రత్యర్థి తల దగ్గరకు కర్ర తీసుకుపోవడమే తప్పు. అమెరికాలో మరీ చిన్న వయసు వారినైతే అవతలి పిల్ల కర్రను తట్టనివ్వనే ఇవ్వరు. అయినా అక్కడ కళ్లకు రక్షణ జోడు, నోట్లో దంతరక్షకం లేనిదే బాలికలను మైదానంలోకి అడుగు పెట్టనివ్వరు. గోలు కాసే అమ్మాయికి శిరస్త్రాణం, మెడకూ ఛాతీకీ కవచం తప్పనిసరి. మన శిబిరంలో అతిథుల ముఖాలు ముద్రించిన బ్యానర్లు గేటు దాకా వేలాడాయి, కళ్లజోడు ఒక్క పిల్లకూ లేదు.

ఆ రోజు మాట్లాడిన ప్రతి వక్తా ఇది బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ పుట్టిన కోనసీమ అని గుర్తు చేశారట. సంతోషమే. 2023 ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి ఆయన గెలుచుకున్న డబుల్స్ స్వర్ణం మనందరికీ గర్వకారణం, కానీ అందులో ఈ వక్తల వాటా ఏమిటో నాకు బోధపడలేదు. ఒలింపిక్స్‌లో జట్టుకు ఆరుగురు చొప్పున ఆడబోయే లాక్రాస్‌కు 70 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు స్థలం చాలు. అంత స్థలమున్న ఉన్నత పాఠశాలలు మన డెల్టాలో లేకపోలేదు. ఈ రోజుల్లో అక్కడ దాళ్వా (రబీ) ధాన్యం రాశులుంటాయి, రైతును తప్పుపట్టలేం, ఆరబోతకు అతనికి వేరే చోటేదీ? సంక్రాంతికి మాత్రం కోడిపందాల బరులకు రాత్రికి రాత్రే నేల చదునవుతుంది, దీపాలు వెలుగుతాయి, పార్కింగు కూడా సిద్ధమవుతుంది. ఇక ఆట నేర్పవలసిన వ్యాయామోపాధ్యాయుల చేత మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించిన ఘనత మనది. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఉద్యోగం చేసినవాణ్ణి కనుక కాస్త ఘాటుగానే రాస్తున్నాను.

సాయంత్రం ఆరున్నరకు ఆట ముగిస్తే లంక గ్రామాల పిల్లలు ఏ బస్సులో ఇల్లు చేరాలి? బట్టలు మార్చుకునే గదికి తాళం ఎందుకుంది? తల్లులు అడుగుతున్నవి ఇవే. బడులు తెరిచేలోగా ఒక ఆదివారం వారిని మైదానానికి పిలిచి, కర్రా బంతీ చేతికిచ్చి, నియమాలు తెలుగులో వివరించి, కళ్లజోళ్లు, దంతరక్షకాలు ఎప్పటికి వస్తాయో తేదీతో సహా చెప్పాలని క్రీడాధికారులను కోరుతున్నాను. ఆ సమావేశానికి ముఖ్య అతిథి అవసరం లేదు. అది ఎప్పుడో మీ పత్రిక నాలుగు రోజుల ముందుగా ప్రచురిస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
కోనసీమ జిల్లా