కత్తెర పెట్టేశానే పద్దూ!

హైదరాబాద్,
శనివారం మధ్యాహ్నం

ఒసేయ్ పద్దూ,

రెండు నెలలుగా ఉత్తరం ముక్క రాయలేదని తిట్టుకుంటున్నావని తెలుసు. తిట్టు, కానీ ఇది చదివాక తిట్టు. మేమంతా బాగానే ఉన్నాం. ఆయనకి జలుబు, చంటిదానికి పరీక్షలు, పంపు మళ్లీ పాడైంది. అంతే.

అసలు సంగతి నేను క్రోషా కొక్కెంతో అల్లిన ఆ గంధం రంగు టాప్. "పైనుంచి అల్లవే, పొడవు చూసుకుని ఆపొచ్చు" అని నువ్వు చెప్తూనే ఉన్నావు. నేను వింటేగా! కింది అంచు నుంచి మొదలెట్టి మూడు నెలలు అల్లాను. కొలిస్తే సరిగ్గానే ఉంది. ఉతికి హ్యాంగర్‌కి తగిలించానా, నూలు దారం కదా, తన బరువుకి తనే సాగి నాలుగు వేళ్లు దిగిపోయింది. వేసుకుంటే అచ్చం మన హాస్టల్ దిండు గలీబు. నవ్వకు.

కింద ముడి విప్పి లాగితే వచ్చేస్తుందనుకున్నా. లాగినకొద్దీ బిగుసుకుపోయింది. క్రోషా అల్లిక ముగించిన కొస నుంచే ఊడుతుందట, మొదలెట్టిన వైపు నుంచి ఊడదట. ఆ కొసేమో మెడ దగ్గర! కింద ఆరు వరసల కోసం మొత్తం విప్పాలా? ఏడుపొచ్చేసింది.

అప్పుడొచ్చారు మా అత్తగారు. నరసాపురం మనిషి కదా, 2024లో అక్కడి లేసుకి, ఆ ఊరి ప్రత్యేకత అని ప్రభుత్వం ఇచ్చే జీఐ గుర్తింపు వచ్చినప్పట్నుంచీ దారం విషయంలో ఆవిడ మాటకి ఎదురులేదు. "కత్తెర ఇలా తే" అన్నారు. గుండె గుభేల్‌మంది.

ముందు ఏడో వరసలో ప్రతి కుట్టు మొదట్లోంచీ ఎర్ర దారం గుచ్చించారు. చుట్టూ 152 కుట్లు. తర్వాత ఆరో వరసలో ఒక్క కుట్టు, టక్! ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉందే. కొస పట్టుకుని లాగబోతే నా చేతి మీద ఒక్కటిచ్చారు. సూది మొనతో ఒక్కో కుట్టూ వదులు చేసి, దారం బయటికి తీసి, మళ్లీ పక్కది. దారం పొడవై చిక్కుపడితే కత్తిరించేయడమే, ఎలాగూ పోయే వరసే కదా. రెండున్నర గంటలు పట్టింది. ఆఖరి కుట్టు వదలగానే కింది ఐదు వరసలూ గాజులా ఊడి నా ఒళ్లో పడ్డాయి. పైన ఒక్క కుట్టు కూడా జారలేదు! ఉచ్చులన్నీ ఎర్ర దారం పట్టుకుని బుద్ధిగా కూర్చున్నాయి. ఒక్కోదాన్లో కొక్కెం పెట్టి చిన్న కుట్టు వేసుకుంటూ కొత్త అంచు తిప్పేశా. అతుకు తెలియట్లేదు. సరే, ఎడమ పక్క కొంచెం తెలుస్తుంది, చెయ్యి అడ్డం పెట్టుకుంటా. ఊడిన పట్టీని చంటిది దండలా మెళ్లో వేసుకుని తిరుగుతోంది.

ఆవిడ వేళ్లు చూస్తూ కూర్చున్నానే. చిన్నప్పుడు కిరోసిన్ దీపం దగ్గర లేసు అల్లేవారట, దారం కండెకి ఇంత అని కూలి. పదేళ్లుగా ఒకే ఇంట్లో ఉండి నేనెప్పుడూ... సర్లే, నువ్వొచ్చినప్పుడు చెప్తా.

అన్నట్టు, మన పచ్చ గొడుగు మొన్న బజార్లో కనిపించాడు! పక్కన ఎవరో తెలుసా... అయ్యో, చంటిదాని ఆటో హారన్ కొడుతోంది. ఉంటానే,

నీ
దిండు గలీబు