చీమకుర్తి నుంచి, జావా గొడవ

ఒరేయ్ బావా,

జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది, తిట్టుకో. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, చెల్లికి కందుకూరు సంబంధం ఒకటి నడుస్తోంది. మిగతావి ఫోన్లో. ముందు ఇది విను, చెప్పకపోతే కడుపు ఉబ్బేట్టుంది.

మా గ్రానైట్ ఫ్యాక్టరీ బిల్లింగ్ ప్రోగ్రాం జావా 8 అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది కదా. ఒరాకిల్ కంపెనీ ఇచ్చే జావాకి 2023 నుంచి తలకింత కట్టాలని ఓనరుగారికి వాళ్ల అల్లుడు చెప్పాడు. నిజమేరా, చిన్న కంపెనీకైతే మనిషికి నెలకి 15 డాలర్లు, అదీ జావా ముట్టుకోనివాళ్లని కూడా లెక్కేసి! "పాలిషింగోళ్లకి కూడానా?" అన్నాడాయన. మా 140 మందికి నెలకి 2,100 డాలర్లు. మాది 2019 జనవరి నాటి పాత వెర్షన్, దానికి పైసా కట్టక్కర్లేదు. కానీ అప్పట్నుంచీ చిల్లులు పూడ్చే ఒక్క ప్యాచ్ పడలేదు, నాకదే భయం.

ఊరికే దొరికే ఇంకో జావా ఉంది, టెమురిన్ అని, అది వేద్దామన్నాను. "ఊరికే వచ్చేదానికి సెక్యూరిటీ ఏందబ్బయ్యా?" అన్నాడు. రెండింటి కోడూ దాదాపు ఒకటే, ఓపెన్‌జేడీకే అని అందరికీ తెరిచి పెట్టిన జావా కోడు. ప్యాచ్‌లు రెండింటికీ మూడు నెలలకోసారి వస్తాయి. 2022లో, అన్నీ సున్నాలున్న డిజిటల్ సంతకాన్ని జావా 15 నుంచి 18 దాకా అసలుదే అని ఒప్పుకున్నాయి చూడు, ఆ చిల్లు డబ్బు కట్టినోళ్లకీ ఉంది! ఇది చెప్తే తలూపాడు. అర్థమయ్యి కాదులే.

శనివారం రాత్రి మార్చేశాను. లాగిన్, స్టాకు, అన్నీ భేష్. ప్రింటు మాత్రం చూడలేదు. అవున్రా, అన్నీ చూసి ఒకటి మర్చిపోవడం, మళ్లీ ఆ ఆకుపచ్చ బకెట్టు కథే! నవ్వకు.

సోమవారం చెన్నై పోర్టుకి లారీ లోడయ్యి నిలబడింది. బిల్లు కొడితే నల్ పాయింటర్ అని ఎర్రర్, ప్రోగ్రాం ఆగిపోయింది. కీబోర్డు మీద రాతిపొడి, వెనకాల ఓనరు, కిటికీలో డ్రైవరు తల. గంటన్నర! చూస్తే ఫాంట్లురా. ఒరాకిల్ జావా 8 తన ఫాంట్లు తనే తెచ్చుకుంటుంది, ఇదేమో సిస్టంలో ఉన్నవి వెతుక్కుంటుంది. మా లినక్స్ సర్వర్లో ఆ ఫాంట్లు వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగే లేదు. ఫోన్ నెట్‌తో అదీ, డెజావు ఫాంట్లూ ఎక్కిస్తే ప్రింటరు గురక పెట్టింది. కానీ ఆ అక్షరాలు కాస్త లావు, మొత్తంలో ఆఖరి సున్నా కింది లైన్లో పడింది. ఓనరు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "ఊరికే వచ్చిందని సున్నా ఒకటి మిగుల్చుకుందా?" అన్నాడు. డ్రైవరు కూడా నవ్వాడు.

అదికాదు గానీ, పాతదాన్ని అలాగే వదిలేసుంటే నాకు నిద్ర... సరే, ఇంకో లారీ వచ్చింది, "జావా అబ్బాయ్" అని కేకలేస్తున్నారు, ఇప్పుడదే నా పేరు. ఆ సున్నా ఇంకా కిందే ఉంది, ఉంటా

నీ
బకెట్టు