వసంతం చివర తోటపని

సంపాదకులకు నమస్కారం.

వసంతం ముగిసే వేళ తోటలో అన్నిటికన్నా ముందు చేయవలసిన పని మొక్కల మొదళ్ల చుట్టూ ఎండుటాకులో గడ్డో కప్పడమేనని నా అనుభవం. 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన, కాండానికి నాలుగు వేళ్ల ఎడం విడిచి పరిస్తే నేలలో తేమ త్వరగా ఆరిపోదు, కలుపూ తగ్గుతుంది. కాండానికి ఆనించి పోస్తే మాత్రం మొదలు కుళ్లే ప్రమాదం ఉంది. నిరుడు తొందరపడి అలా పోసి, మొగ్గ తొడిగిన గులాబీని పోగొట్టుకున్నాను.

నీడలో పెంచిన నారును వారం, పది రోజులపాటు కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేశాకే నాటాలి. టమాటాకు ఊతకర్రను నాటేటప్పుడే పాతాలి. ఆలస్యమైతే మొక్క వేళ్లు తెగుతాయి. ఆకుల అడుగున పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) కనిపిస్తే, మందు కొట్టే ముందు నీటిధారతో గట్టిగా కడిగి చూడవలసిందిగా తోటి పాఠకులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు