గోల్ఫ్ వ్యాసం దిద్దుబాట్లు

వికీ మిత్రులకు నమస్తే. మన గోల్ఫ్ వ్యాసం చిత్తుప్రతి రాత్రి మళ్ళీ చదివాను. ‘బర్డీ’ని మెషిన్ అనువాదం ‘చిన్న పక్షి’ అని మార్చేస్తే ఎవరమూ చూసుకోలేదు, నాతో సహా! పార్ (బంతిని గుంటలో వేయడానికి నిర్ణయించిన దెబ్బల లెక్క) 4 ఉన్నచోట 3 దెబ్బల్లోనే బంతిని గుంటలో వేస్తే బర్డీ. అలా ఉదాహరణతో రాద్దాం.

‘హోల్’ని గుంట అనే ఉంచుదామా? నా ఓటు దానికే, గోలీలాటలో మనమన్నదీ అదే కదా. గుంట వ్యాసం (మన వ్యాసం కాదు!) 4.25 అంగుళాలు, దిద్దేశాను. విలువిద్య సాధన మానేస్తున్నారని 1457లో స్కాట్లాండ్ పార్లమెంటు గోల్ఫ్‌ను నిషేధించింది. అది చరిత్రలో చేర్చాలి.

విశాఖలో ముడసర్లోవ వైపు ఉండేవాళ్ళెవరైనా ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో అనుమతి అడిగి ఫొటోలు తీయగలరా? ఎండెక్కకముందే వెళ్ళండి. నెట్‌లో దొరికినవి మాత్రం ఎక్కించొద్దు, కాపీరైట్ టెన్షన్ మనకెందుకు.