స్టాఫ్‌రూమ్‌లో నాకు చోటు లేదు

ఒరేయ్ మామా,

"హెడ్మాస్టరువయ్యావు, పార్టీ ఎప్పుడు?" అని అడిగావు కదా. పార్టీ సంగతి తర్వాత, ముందు నా గోడు విను.

పద్దెనిమిదేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. నా గొంతు, నా వెటకారం నీకు తెలుసుగా. ప్రమోషన్ మీద ఈ ఊరి జెడ్పీ హైస్కూలుకి కూడా అదే సామాను మూటగట్టుకుని వచ్చాను. మొదటిరోజు అసెంబ్లీలో ఇరవై నిమిషాలు దంచాను. జూన్ ఎండ. ఆరో తరగతి పిల్ల ఒకతి కళ్లు తిరిగి కూలబడింది.

అసలు దెబ్బ తర్వాతి వారం తగిలింది. హిందీ టీచరు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. "ఏంటి మేడమ్, మీ ఊళ్లో గడియారాలు నిద్రపోతున్నాయా?" అన్నాను, నవ్వుతూనే. పాత బడిలో అయితే అంతకు రెండింతలు తిరిగొచ్చేది. ఆవిడ మర్నాడు సంజాయిషీ రాసుకొచ్చి నా టేబుల్ మీద పెట్టారు, బస్సు రాలేదని, క్షమించమని. నేను అడగలేదురా! ఆ కాగితం చూసి నాకే చెమటలు పట్టాయి. మాట అదే, గొంతు అదే. కానీ ఇప్పుడు సెలవు చీటీ మీద సంతకం నాది. అది నా జోకుల్లోకి కూడా దూరిపోయింది.

ఇంకోటి. కలిసిపోదామని మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వెళ్లేవాణ్ణి. గుమ్మం దాటగానే కబుర్లు ఆగిపోయేవి, ఎవరో ఒకరు టేబుల్ ఫ్యాను నావైపు తిప్పేవారు. నన్ను తిట్టుకోవడానికి వాళ్లకీ ఓ చోటుండాలి కదా, మనం మన పెద్దసారుని తిట్టుకున్నట్టు! అందుకని మానేశాను. ఇప్పుడు పిల్లల పక్కన కూర్చుని, డొక్కా సీతమ్మ గారి పేరున్న బడి భోజనమే తింటున్నా. వడ్డించేముందు ఎవరో ఒక టీచరు రుచి చూడాలని ఎలాగూ రూలుంది. పప్పులో ఉప్పు దగ్గర్నుంచి ఏ పిల్లాడు ఎందుకు బడి మానేశాడో దాకా అక్కడే తెలుస్తోంది.

అసెంబ్లీలో ఇప్పుడు రెండు నిమిషాలే. మొన్న ప్రతిజ్ఞ అయ్యాక, "ఇది 1962లో విశాఖలో ట్రెజరీ ఆఫీసరుగా ఉన్న పైడిమర్రి వెంకటసుబ్బారావు గారు రాశారు" అని ఒక్క ముక్క చెప్పి దిగిపోయాను. సాయంత్రం ఒకడొచ్చి, "సార్, ట్రెజరీ అంటే ఏంటి?" అన్నాడు. ఆ ఇరవై నిమిషాల ఉపన్యాసానికి ఒక్క ప్రశ్న రాలేదు తెలుసా.

ఎనిమిదో తరగతి లెక్కలు మాత్రం వదల్లేదు. అక్కడ వెటకారానికి ఇంకా లైసెన్సుంది.

హిందీ మేడమ్ ఇంకా బిగుసుకునే ఉన్నారు. నిన్న నేను ఐదు నిమిషాలు లేటయితే మాత్రం గడియారం వైపు చూసి, గబుక్కున తల దించుకున్నారు. "సంజాయిషీ రాయమంటారా మేడమ్?" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

దసరాకి రా. పార్టీ అప్పుడే.

నీ
లెక్కల మాస్టారు