తుమ్మలపల్లె: నీళ్లే కాదు, రాతినీ పరీక్షించాలి

సంపాదకులకు,

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం మిల్లు బురదను నింపే వ్యర్థాల చెరువు మాట వచ్చినప్పుడల్లా రెండు వాదనలే వినిపిస్తాయి. చెరువు ఊట వల్లే బోర్లు పాడై అరటి తోటలు పోతున్నాయని కె.కె. కొట్టాల వైపు రైతులంటారు. అది చెరువు పాపం కాదు, ఆ నేలలో యురేనియం సహజంగానే ఉందని గనినీ మిల్లునూ నడిపే యురేనియం కార్పొరేషన్ అంటుంది. ఇద్దరూ చూపేది నీటి పరీక్షల కాగితాలే. చెరువు కింద ఉన్న రాయి సంగతి మాత్రం చర్చకు రావడం లేదు.

మన కడప రాయి సున్నపురాయే, దాని గుణం వంటింట్లోనే తెలుస్తుంది. నాపరాతి గట్టు మీద నిమ్మరసం పడి కాసేపుంటే అక్కడ మెరుపు పోయి తెల్లమచ్చ పడుతుంది. వాననీరు కూడా మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. అలాంటి నీరు సున్నపురాతిని లక్షల ఏళ్లు తొలిస్తే ఏర్పడినవే బెలుం గుహలు. 2015 చివర్లో భారీ వర్షాల తర్వాత చింతకొమ్మదిన్నె మండలంలో నేల ఉన్నట్టుండి గుంతలుగా కుంగితే జనం హడలిపోయారు. సున్నపురాతి నేలల్లో నీటిమట్టం బాగా దిగిపోయాక ఒక్కసారిగా కుండపోత వాన పడితే, పైమట్టి తడిసి బరువెక్కి లోపలి సందుల్లోకి జారిపోతుంది.

తుమ్మలపల్లె కింద ఉన్నది అచ్చం ఈ రాయి కాదు. అది వేంపల్లె డోలమైట్, అంటే సున్నంతో పాటు మెగ్నీషియం కలిసిన రాయి, ఇంకా పాతది, కరగడంలోనూ నెమ్మది. కాబట్టి చెరువు రేపో మాపో కుంగుతుందని నేననడం లేదు. కానీ ఈ రాతిలో నీరు ఇసుకలో పాకినట్టు నలువైపులా పాకదు, పగులు పట్టుకుని పోతుంది. బోరు వేయించిన రైతెవరైనా చెబుతాడు: ఇక్కడ రెండించుల నీళ్లు పడతాయి, పది బారల అవతల దుమ్ము లేస్తుంది. అందుకే ఊటను కనిపెట్టడానికి చెరువు పక్కన వేసిన పరిశీలన బావి శుభ్రంగా ఉండి, అదే పగులు మీద పడ్డ దూరపు బోరు చెడిపోవచ్చు. ఒక బోరు చెడింది కాబట్టి తప్పు చెరువుదే అని తీర్మానించడమూ తొందరపాటే.

లోహాలు నీళ్లలోకి దిగడమంటే చాలామందికి ఆమ్లమే గుర్తొస్తుంది. డోలమైట్ ఆమ్లాన్ని విరిచేస్తుంది, అందువల్ల సీసం, రాగి వంటివి చాలావరకు కదలవు. యురేనియం దగ్గర లెక్క తలకిందులు. కార్బొనేట్ కలిసిన క్షారపు నీటిలో అది చక్కగా కరిగి కదిలిపోతుంది, మాలిబ్డినం అనే లోహమూ అంతే. తుమ్మలపల్లె మిల్లులో ఖనిజాన్ని ఆమ్లంతో కాక సోడాతో కరిగించడానికీ ఈ రాయే కారణం. ఆమ్లం పోస్తే యురేనియం దాకా రానివ్వకుండా రాయే తాగేస్తుంది. రోజుకు 3,000 టన్నుల ఖనిజం ఆడించేలా కట్టిన మిల్లు అది. టన్నుకు చిక్కే యురేనియం అరకిలోకు అటూ ఇటూ. మిగతాదంతా బురదై చెరువుకు పోవాల్సిందే.

సోడాతో నడిచే మిల్లు గనుక ఆ బురదనీటికి ఒక ఆనవాలుంటుంది: సోడియం, సల్ఫేట్. తాగేనీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 30 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది, మన అణుశక్తి నియంత్రణ మండలి 60 అంది. ఏ హద్దు దాటిందని కొట్లాడుకునే ముందు, చెరువు నీటిలో సోడియం, సల్ఫేట్ ఏ పాళ్లలో ఉన్నాయో, బోరు నీటిలో ఏ పాళ్లలో ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూడాలి. సోడియం మితిమీరితే నేల చౌడుబారుతుంది, తడి ఆరాక పైన పెచ్చు కడుతుంది, అరటి వేరుకు గాలాడదు. తోట పోవడానికి యురేనియమే అక్కర్లేదు. ఈ మాట రైతుసంఘాల వాళ్లకూ నచ్చకపోవచ్చు, కానీ చౌడు విరగడానికి జిప్సం వేయాలా, బోరే మానుకోవాలా అన్నది తేలేది ఇక్కడే.

గనికి శంకుస్థాపన జరిగింది 2007లో. అంతకుముందు పర్యావరణ అనుమతి కోసం తీసిన నీటి నమూనాల ఫలితాలు దస్త్రాల్లో ఉండి తీరాలి, వాటిని బయటపెట్టాలి. చెరువు చుట్టూ పగుళ్ల పటం గీయించి, పరిశీలన బావులను ఆ పగుళ్ల మీదే వేయించాలి. నీళ్లలో హానిలేని రంగు కలిపి ఎటు తేలుతుందో చూసే పరీక్ష కొత్తదేమీ కాదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు గానీ రాష్ట్ర భూగర్భజల శాఖకు గానీ ఈ పని అప్పగించవచ్చు, ఖర్చు మాత్రం కార్పొరేషన్ భరించాలి. ఏ బోరుకు ఏ అంకె వచ్చిందో తెలుగులో రాసి గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. చెరువు కట్ట పెంచడమా, కొత్తది తవ్వడమా అన్నది ఆ తర్వాత మాట.

— ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు